బొల్లి తాగని నీళ్లు

ఒక్కరోజు ఆగు లచ్చమ్మా అంటే అయిపోయేది, అంత చిన్న మాట, బీడీ నోట్లో ఉండగానే అనొచ్చు, పొద్దున దేవ్‌సింగ్ ట్రాలీ ఆటో వచ్చి లచ్చమ్మ ఇంటి ముందు ఆగినప్పుడు, చూడి బర్రె ముందుకాళ్లు ఎత్తి ఆటోలో పెట్టనని మొరాయించినప్పుడు, లచ్చమ్మ దాని మెడ నిమురుతూ ఎక్కు తల్లీ ఎక్కు అంటున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, దడికి ఇవతల, గొంగడి భుజాన వేసుకొని, కర్ర మీద గడ్డం ఆనించుకొని, లచ్చమ్మ ఒకసారి నావైపు చూసింది, చనిపోయిన నా తమ్ముడి భార్య, వాడు పోయినప్పటి నుంచి పాలు పోసుకొని బతుకుతున్న మనిషి, ఏమన్నా అంటావా బావా అన్నట్టు చూసింది, నేను గొంతు సవరించుకున్నాను, అంతే, గొంతు సవరించుకొని, నీళ్ల సంగతి కనుక్కుందామని రోడ్డెక్కి మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డాను, ఆ బర్రెను సూర్యాపేట పశువుల అంగడికి ఎందుకు తోలుతున్నదో నాకు తెలుసు, మా చెరువు నీళ్లు విషమని, విషమని ఎవరు చెప్పారంటే ఊళ్లో అందరూ మల్సూరు చెప్పాడంటారు, మల్సూరంటే నేనే, నేను అనలేదు, విషం అన్న మాటే నా నోట్లోంచి రాలేదు, కానీ ఇప్పుడు మిర్యాలగూడ నుంచి వెనక్కి వస్తున్న ఈ బస్సులో, రైస్ మిల్లుల గోడలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతుంటే, మా చెరువు నీళ్లు పరీక్షకు పట్టుకుపోయిన కాలేజీ పిల్ల నవనీత చెప్పింది చెవిలో తిరుగుతున్నది, నీళ్లు మంచిగనే ఉన్నయి తాతా, పశువులకు ఏం కాదు, బర్రె చేతులు మారకముందే ఈ మాట సూర్యాపేట చేరాలి, చేర్చాల్సింది నేను, ఊరంతటిలో మాట్లాడటం చేతగాని వాణ్ని.

ఎడమచెయ్యి మూసుకొనే ఉంది, అందులో నంబరు ఉంది, బర్రెతో ఆటోలో పోయిన లచ్చమ్మ కొడుకు తిరుపతి ఫోన్ నంబరు, ఊరికొచ్చిన్నాడు తీసుకున్నదట, నవనీత బాల్ పెన్నుతో నా అరచేతిలో రాసింది, నాకు ఫోను లేదు, ఎవరితో మాట్లాడాలని ఫోను, కాలేజీ గేటు దగ్గర ఆ పిల్ల ఎన్నిసార్లు కొట్టినా తిరుపతి ఎత్తలేదు, ఆటో సప్పుడుకు ఇనపడతలేదేమో తాతా, నేను కొడుతనే ఉంట, నువ్వు గూడ బస్సుల ఎవరినన్న అడిగి కొట్టియ్యి, సూర్యాపేట బస్సెక్కు, అని స్కూటీ మీద తెచ్చి బస్టాండ్ దగ్గర దింపి క్లాసుందని పోయింది, సూర్యాపేట బస్సు అన్నది చెవులకు వినపడింది గానీ కాళ్లకు వినపడలేదు, మిర్యాలగూడ వచ్చినప్పుడల్లా ఎక్కేది కోదాడ బస్సే, అది ఇంటి బస్సు, బోర్డు మీద కో కనపడగానే కాళ్లు మెట్టెక్కాయి, మూడో తరగతి దాకా చదివిన చదువు మొదటి అక్షరం చూసి మిగతాది అనుకోవడానికే పనికొచ్చింది బతుకంతా, ఎక్కడికి పెద్దాయనా అని కండక్టర్ అడిగితే కోదాడ అన్నాను, ఠక్కున వచ్చే మాటలు నాకు ఇలాంటివే, ఊరి పేరు, బీడీ కట్ట, ఉప్పు, టికెట్ చేతిలో పడ్డాక కిటికీలోంచి చూస్తే సూర్యాపేటకు నేరుగా పోయే బస్సు పక్కనే ఉంది, ఆపు బిడ్డా దిగుతా అనొచ్చు, ఇంకా బస్టాండ్ గేటు కూడా దాటలేదు, ఇంతమంది చూస్తుంటే ఎలా ఆపమనడం అనిపించింది, అనిపించడంలోనే గేటు దాటింది, రైలు గేటు దాటింది, ఇక కోదాడ పోయి అక్కడ మారి హైవే మీద సూర్యాపేట పోవాలి, నేను చుట్టు తిరిగి పోతున్నాను, బర్రె నేరుగా పోతున్నది.

కాలువ వచ్చింది, సాగర్ ఎడమ కాలువ, నీళ్లు లేకపోతే కాలువ ఎంత లోతుగా ఉంటుందో ఈ ఏడే చూశాను, అడుగున పిల్లలు వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు, యాసంగి వరి పొట్టకొచ్చి ఎండిపోయింది, మల్సూరన్నా నీ గొర్లనన్న తోలుకో అని రైతులే పిలిచి మడి చూపించారు, ఎవరి నోటికాడి కూడో నా మంద తింటుంటే గట్టు మీద తల వంచుకొని నిలబడ్డాను, పొలమతను కూడా తల వంచుకొనే నిలబడ్డాడు, మేతకు కరువు లేకుండా పోయింది అట్లా, నీళ్లకే కరువు, బోర్లు గాలి కొట్టాయి, ట్యాంకర్ నీళ్లు బిందెలకే చాలవు, ఊరికి దగ్గరలో చెరువు ఒక్కటే మిగిలింది, అది కూడా నడిమి గుంతలోకి ముడుచుకుపోయి, చుట్టూ నెర్రెలిచ్చిన మట్టి, ఆ గుంత దగ్గరికే వచ్చింది నవనీత, సూర్యాపేట పిల్ల, మిర్యాలగూడ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, సూర్యాపేట దగ్గర ఒక చెరువు, మిర్యాలగూడ దగ్గర ఒకటి, కోదాడ వైపు మాది, నీళ్లు తగ్గేకొద్దీ వాటిలో లోహాలు ఎంత పెరుగుతున్నాయో కొలుస్తుందట, లోహాలంటే నా గొడ్డలి ఇనుము, నా గొర్రె బొల్లి మెడలో గంట కంచు, వలలకు కట్టే గుండ్లు సీసం, ఇవి నీళ్లలో ఎట్లా ఉంటాయని నేను అడగలేదు, నా ముఖం చూసి తనే చెప్పింది, చారు మరిగి మరిగి దగ్గరికయితే ఉప్పెక్కువ అయితది గద తాతా, గట్లనే, కంటికి కనపడయి, రుచికి తెల్వయి, మిషన్‌ల పెట్టి చూస్తేనే తెలుస్తది, కాడ్మియం, ఆర్సెనిక్, సీసం అని పేర్లు చెబుతుంటే తెలియని జనంలో ఎరిగిన ముఖంలాగా సీసం ఒక్కటే నాకు తగిలింది, కట్ట మీద బట్టలు పిండుతున్న లచ్చమ్మ దిగి వచ్చింది, నీళ్లు మంచియేనా బిడ్డా అంది, రిపోర్ట్ వచ్చేదాక ఏం చెప్పలేనమ్మా అంది ఆ పిల్ల, చేతులకు నీలం తొడుగులు, ముక్కుకు మాస్కు, మంచియైతే చెప్పనీకేంది మరి, ముక్కుకు గుడ్డెందుకు కట్టుకున్నది అని లచ్చమ్మ నావైపు తిరిగి గొణిగింది, నేను నవ్వాను, నా నవ్వు మీసం దాటి రాదు, చూసినవాళ్లకు అది నవ్వని తెలియదు.

బొల్లి ముసలి గొర్రె, మొహాన తెల్ల మచ్చ, మందలో ముందుగా నీళ్లలో మూతి పెట్టేది అదే, అది తాగాకనే మిగతావి దిగుతాయి, మా నాయన మందలో కూడా అట్లాంటిది ఒకటి ఉండేది, ఊరికీ ఆ సంగతి తెలుసు, ఎండాకాలం ఏ గుంత నీళ్లు పాడయ్యాయో తెలుసుకోవాలంటే మల్సూరు మంద ఎక్కడ తాగుతున్నదో చూస్తారు, నన్ను అడగరు, అడిగితే ఏం వస్తుంది, మందను చూస్తారు, నవనీత సీసాలు నింపుకొని పోయాక మధ్యాహ్నం మందను తోలుకొచ్చాను, ఎప్పుడూ దిగే రేవుకే, బొల్లి పోయింది, వంగింది, ముక్కు ఎగరేసి ఒక అడుగు వెనక్కి వేసింది, తల విదిలించి మళ్లీ వంగింది, మళ్లీ వెనక్కి, దాని వెనక మంద మొత్తం ఆగిపోయింది, నాలుకలు బయటపెట్టి, నీళ్ల ముందు నిలబడి, ఒక్కటీ మూతి పెట్టలేదు, ఆ పిల్ల చెప్పిన పేర్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి, కర్ర అడ్డం పెట్టి మందను మలిపాను, ఏమైందే బావా అని కట్ట మీది నుంచి లచ్చమ్మ కేకేసింది, తాగలే, అన్నాను, ఒకటే మాట, ఉన్నదే చెప్పాను, అందులో అబద్ధం లేదు, ఆ మాట నాకంటే ముందు కట్ట దిగి ఊళ్లోకి పోయింది, పోతూ పోతూ పెరిగింది, మల్సూరు గొర్లు మూతి పెట్టలేదంట, మల్సూరు విషమన్నడంట, కాలేజీ పిల్ల మల్సూరుకొక్కనికే చెప్పిందంట, ఆయనకు చెప్తే బయటికి రాదని చెప్పిందంట, పొద్దుగూకేసరికి గుంత చుట్టూ తుమ్మకంప తెచ్చి అడ్డం వేశారు, మరునాడు పొద్దున్నే బొల్లిని ఒక్కదాన్నే తోలుకొచ్చాను ఇంకోసారి చూద్దామని, కంప దగ్గర లచ్చమ్మ ఎదురైంది, మళ్ల ఎందుకు తోలుకొచ్చినవ్ బావా, దాన్ని గూడ సంపుకుంటవా అంది, ఇంకోసారి చూద్దామని వచ్చిన, జర కంప పక్కకు గుంజు అనొచ్చు, ఆమే గుంజేది, అనకుండా బొల్లిని తిప్పుకొని దూరాన కాలువ గుంతకు తోలుకుపోయాను, రోజూ అంత దూరం, రెండు కుంటి గొర్రెపిల్లలను భుజాన వేసుకొని, చూసిండ్రా, మల్సూరు మళ్ల వచ్చి మళ్ల మలుపుకపోయిండు అంది ఊరు, నా వెనక్కి తిరగడం కూడా మాటయిపోయింది.

ఏం తాతా, మాట్లాడినా టికెట్టు కొడతారనుకున్నారా, అంటోంది పక్క సీటు ఆమె, నేరేడుచర్లలో ఎక్కింది, ఒడిలో చింతపండు సంచి, కోదాడలో కూతురింటికి పోతున్నదట, ఆంధ్ర వైపు పలుకు కలిసిన మాట, ఎక్కినప్పటి నుంచి అల్లుడి గురించి చెబుతూనే ఉంది, మంచోడేనట, నోరే లేదట, కూరలో ఉప్పు లేకపోయినా తినేసి పోతాడట, ఉప్పు లేదని కూతురికి రాత్రి తను తినేదాకా తెలియదట, ఊ అన్నానో లేదో గుర్తు లేదు, మీకు ఎక్కినందుకు టికెట్టు ఉంది గానీ మాటలకి లేదులెండి, మా ఆడవాళ్లకైతే రెంటికీ లేదు అని తనే నవ్వుకుంది, సత్తమ్మ ఉంటే ఈపాటికి ఈమెతో వియ్యం కలుపుకునేది, సత్తమ్మ నా భార్య, కిందటి వానాకాలం పోయింది, ఉన్నన్నాళ్లూ ఇద్దరి మాటలూ తనే మాట్లాడింది, నన్ను ఎవరేమడిగినా నేను మెడ గోక్కునేలోపు వస్తడు పో అనో, ఆయనకు ఇష్టం లేదులే అనో తనే చెప్పేది, ఒక్కోసారి నాకేది ఇష్టమో సత్తమ్మ చెప్పాకనే నాకూ తెలిసేది, అరుగు మీద ఊరికే కూర్చుంటే అది కోపమో ఆకలో నడుంనొప్పో ఇంట్లోంచే చెప్పేది, తమ్ముడు పోయినప్పుడు లచ్చమ్మ గోడకు ఆనుకొని కూర్చుంటే నేనున్నా అనడానికి నోరు రాలేదు, ఒక బర్రెదుడ్డెను తెచ్చి వాళ్ల దడికి కట్టేసి వెనక్కి చూడకుండా వచ్చేశాను, నా దుడ్డె నా మాట చెప్పేసిందనుకున్నాను ఇన్నేళ్లు, కాదు, ఆ సాయంత్రం సత్తమ్మ పోయి లచ్చమ్మ పక్కన కూర్చొని, ఆయనకు చెప్పుడు రాదే, నిన్ను ఇడిచిపెట్టడు, గందుకే కట్టిండు అని చెప్పింది, ఆ దుడ్డె బిడ్డే ఈ చూడి బర్రె, సత్తమ్మ పోయింది, నా మౌనం మిగిలింది, దాని పక్కన నిలబడి అర్థం చెప్పే మనిషి లేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటున్నారు, ఆరోజు రేవులో సత్తమ్మ ఉండి ఉంటే తాగలే అన్న మాట మీద ఊరుకునేదా, ఎందుకు తాగలే, పొద్దుగాల ఈడికి ఎవరొచ్చిండ్రు అని చీర ఎగగట్టి నీళ్లలో దిగి, దోసెడు తీసి వాసన చూసి, ఏందో మందు వాసనే లచ్చమ్మా, రేపు తోలుకొస్తం తీ అనేది, అయిపోయేది.

మందు వాసనే, నవనీత కూడా అదే అంది, గేటు దగ్గర నీళ్లు మంచిగనే ఉన్నాయని చెప్పి, సీసం చలికాలం కన్న జర పెరిగింది గానీ పశువులకు ఇబ్బంది లేదు, మనుషులు మాత్రం తాగకుండ్రి అని చెప్పి, నేను కదలకపోతే ఏంది తాతా అంది, బొల్లి తాగలే బిడ్డా, అన్నాను, ఎవరు బొల్లి, గొర్రె, ఎప్పుడు, నువ్వొచ్చిన్నాడే, ఏడ, రేవుల, ఆ పిల్ల చెయ్యి నోటికి అడ్డం పోయింది, ఆడ్నే తాతా, ఆడ్నే నా ఆసిడ్ బుడ్డి జారి పడ్డది, లోహాలు సీసా గోడకు అంటుకోకుంట రెండు చుక్కలు ఏస్తం, ఆ బుడ్డి, బురదల ఒలికింది, పైన నీళ్లు పోసిన, పోయిందనుకున్న, ఆ గాటు గొర్రెకు తెలిసి ఉంటది, పొద్దుగూకేసరికి పోతది అది, తెల్లారి తాగేది నీ గొర్రె, నేను మిషన్‌ల పట్టే అంత చిన్నదాని కోసం చూసిన గానీ కండ్ల ముంగట ఒలికింది నీకు చెప్పకపోతిని, అని ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏం కాదులే బిడ్డా అనాలి అక్కడ, అనలేదు, ఊళ్లె కంప అడ్డమేసిండ్రు, లచ్చమ్మ బర్రెను అంగడికి తోలింది అన్నాను, అప్పుడు ఫోను తీసింది, ఆ పిల్ల చెప్పకపోవడం ఒక పూట, నేను చెప్పకపోవడం అప్పటి నుంచి ఈ పొద్దు దాకా.

చేతిలో ఏముంది తాతా, అట్లా బిగించి పట్టుకున్నారు అంది చింతపండు సంచి ఆమె, హుజూర్‌నగర్ దాటాం, నేరేడుచర్ల నుంచి నేను కూడగట్టుకుంటున్నదే అది, అమ్మా ఒక ఫోన్ కొట్టి పెడతావా, నాలుక మీదికి వస్తున్నది, పళ్ల దగ్గర ఆగుతున్నది, మఠంపల్లి వైపు నుంచి వచ్చే సిమెంటు లారీ అడ్డొచ్చి బస్సు ఆగినప్పుడు అడుగుదామనుకున్నాను, లారీ పోయింది, ఆమె అల్లుడి గురించి మొదలుపెట్టింది, మాట మధ్యలో ఎలా అడగడం అనుకున్నాను, ఇప్పుడు తనే అడిగింది కాబట్టి చెయ్యి చాపి తెరిచాను, ఈ నంబరుకు బర్రె అమ్మొద్దని చెప్పాలె అన్నాను, చెమట, గీతల్లోకి సిరా పాకి, ముందున్న అంకెలు నిలబడ్డాయి, వెనకవి నీలం మరకైపోయాయి, ఇది ఏడా ఒకటా తాతా, ఇదేమో ఆరో సున్నానో, సరే కొట్టి చూద్దాం పోయేదేముంది అని కొట్టింది, ఎవరో గుంటూరాయన ఎత్తాడట, బర్రె అమ్మకండి అంటే మాది బట్టల కొట్టు తల్లీ అన్నాడట, ఆమె నవ్వింది, ముందు సీటువాళ్లు కూడా నవ్వారు, ఇంకోటి కొట్టింది, ఇంకోటి, సంగతి కొంచెం కొంచెంగా నా దగ్గర లాగి, చూడి బర్రెనా అయ్యో అని, నవ్వు ఆపి, ఎక్కగానే చెయ్యి తెరిస్తే పోయేదిగా తాతా, అంకెలు ముత్యాల్లాగుండేవి అప్పుడు, నేను పక్కనే ఉన్నాగా, అంది, తిట్టలేదు, తిట్టినా బాగుండేది, పిడికిలి ఎంత బిగిస్తే అంత భద్రం అనుకున్నాను నేను, బిగించిన కొద్దీ నా చెమటే దాన్ని తుడిచేసింది.

కోదాడ బస్టాండ్‌లో సూర్యాపేట బస్సు ఏది అని గట్టిగా అడిగాను, నా గొంతు నాకే కొత్తగా వినపడింది, అరటిపండ్లమ్మే ఆయన ఎందుకు పెద్దాయనా అరుస్తవ్, గదే గద అన్నాడు, హైవే మీద బస్సు పరుగెత్తుతుంటే ఎదురొచ్చే లారీలు, దాటిపోయే లారీలు, పశువులున్న లారీ కనపడితే చాలు కడ్డీల మధ్య కొమ్ములు వెతుకుతున్నాను, మా బర్రెకు ఎడమ కొమ్ము లోపలికి మెలి తిరిగి ఉంటుంది, లచ్చమ్మ దాన్ని వంకకొమ్ము దానా అని తిడుతూ పాలు పిండుతుంది, మునగాల దాటింది, ఎండలో పొలాలన్నీ ఒకటే రంగు, ఎక్కడా దమ్ము చేసిన మడి లేదు, లచ్చమ్మకు ఏం చెప్పాలో వరస పెట్టుకుంటున్నాను, ముందు నీళ్లు మంచియే అని చెప్పాలా, ముందు బొల్లి సంగతా, ముందు బర్రెను ఇప్పుకో అని అరవాలా, అరిస్తే కొన్నవాడు ఊరుకుంటాడా, తాడు మారకపోతే ఊరుకుంటాడు, తాడు మారితే ఊరుకోడు, మా దగ్గర పశువును అమ్మినా దాని తాడు ఇవ్వం, కొన్నవాడు తన తాడు తెచ్చుకొని కట్టుకుంటాడు, అమ్మినవాడు పాత తాడు ఇంటికి తెచ్చి అదే గుంజకు చుడతాడు, కొట్టం ఒట్టిపోకూడదని, మా తమ్ముడు కోడెలను అమ్మిన రోజు తాళ్లు మెడలో వేసుకొని నవ్వుతూ వచ్చాడు, వాడు కూడా నాతో అనేవాడు, అన్నా నువ్వు మాట్లాడితే వాన పడతదే అని.

అంగడి అయిపోయింది, పేడ, తొక్కిన గడ్డి, ఎక్కడిదో తెగిన మువ్వ, టీ బండి ఆయన గ్లాసులు కడుగుతున్నాడు, దేవ్‌సింగ్ ఆటో గోడ పక్కన ఖాళీగా ఉంది, దాని నీడలో లచ్చమ్మ కూర్చొని ఉంది, ఒడిలో తాడు, ఇక అడగాల్సింది ఏమీ లేదు, అంత దూరం నుంచి తెచ్చిన వరస మొత్తం కాళ్ల దగ్గర రాలిపోయింది, గింత ఎండల నువ్వెందుకొచ్చినవ్ బావా అంది, తిరుపతి పోరడు ఫోను ఆటోల చార్జింగ్ పెట్టి మర్సిండు, ఆ కాలేజీ పిల్ల నంబర్ నుంచి మస్తుసార్లు వచ్చిందంట, ఇప్పుడే చూసిండు, మళ్ల కొడదమంటే బ్యాలెన్స్ లేదంట అంది, ముఖం ఎండకు నల్లబడి, కళ్లు పొడిగా ఉన్నాయి, కొన్నాయన హైదరాబాద్ దిక్కు లారీల ఎక్కించిండు, సూడిది అయ్యా, మెల్లగ ఎక్కియ్యి అని చెప్పిన, ఇన్నడో ఇనలేదో, ఎక్కేటప్పుడు నన్ను చూసింది బావా, మనిషి చూసినట్టే చూసింది, అని తాడు సవరించుకొని, అయితేంది తియ్యి, నువ్వు ఆనాడు మందను మలపకపోతే ఆ నీళ్లే తాగి కడుపుల దూడతోని కండ్ల ముంగట సచ్చేది, నీ పుణ్యాన పాణంతోనన్న పోయింది, అంది.

నీ పుణ్యాన అంది, నేను నిలబడే ఉన్నాను, నోరు మూసుకుంటే చాలు, ఆమె ఈ మాటతోనే ఇంటికి పోతుంది, ఈ మాట పట్టుకొనే ఖాళీ కొట్టం చూసుకుంటుంది, నవనీత చెప్పకపోతే ఆమెకు తెలియనే తెలియదు, నవనీతను నేను ఆపొచ్చు, బర్రె ఎట్లాగూ తిరిగి రాదు, ఇప్పుడు చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క ఊరట కూడా లాక్కున్నట్టు, బతుకంతా మాట్లాడకుండా ఉన్నాను, ఈ ఒక్కసారి మాట్లాడకుండా ఉండటమే దయ కాదా అనిపించింది, నిజంగా అనిపించింది, అప్పుడు తిరుపతి వచ్చాడు సోడా పట్టుకొని, పెద్దనాయినా నువ్వు గూడ వచ్చినవా అని, దేవ్‌సింగ్‌ను వచ్చే అంగడికి కూడా మాట్లాడుకుంటున్నం, ఊళ్లె మిగిలినయన్ని తోలుతరంట, మన పడ్డను గూడ తోలుదమంటున్నది అమ్మ, దానికి నీళ్లు ఏడికెళ్లి తేవాలె అన్నాడు, పడ్డ, ఆ వంకకొమ్ముదాని బిడ్డ, ఇంటి దగ్గర గుంజకు కట్టేసి ఉన్నది, చెరువు కట్ట అవతల నీళ్లు ఉన్నాయి, నడుమ కంప ఉన్నది, ఆ కంప వేసింది ఎవరంటే ఊరు, వేయించింది ఎవరంటే, ఏమీ అనని వాణ్ని, నేను మాట్లాడని మనిషిననుకున్నాను, తాగలే అన్నదొక్కటే నా మాట అనుకున్నాను, మలిపిన కర్ర, తిప్పుకుపోయిన గొర్రె, పొద్దున దడి దగ్గర సవరించుకున్న గొంతు, అవన్నీ మాటలే, వాటన్నిటికీ నేనే జవాబు చెప్పాలి, ఇప్పుడు నోరు మూసుకున్నా ఆ మూసుకోవడం ఇంటికి పోయి పడ్డ మెడలో తాడు విప్పుతుంది.

పేడ మీదనే కూర్చున్నాను ఆమె పక్కన, కింద జారిన తాడు కొస పట్టుకున్నాను, నీళ్లు మంచిగనే ఉన్నయి లచ్చమ్మా, అన్నాను, ఆసిడ్ బుడ్డి, రేవు, బొల్లి ముక్కు, నవనీత మిషన్, ఒకటి ముందు ఒకటి వెనక, మధ్యలో దగ్గు, ఆపకుండా చెప్పాను, తిరుపతి సోడా సీసా పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు, పొద్దుగాల నేను నిన్ను ఆగమనాల్సింది, తెల్సుకొని వస్త ఒక్కరోజు ఆగు అనాల్సింది, అనలే, నీ పడ్డను అమ్మకు, పొద్దుగూకేసరికి నేనే కంప తీస్త, బొల్లిని ముందల తాగిస్త, అన్నాను, నా జన్మలో అంత పొడుగు మాట ఎవరితోనూ మాట్లాడి ఉండను, అయిపోయింది, ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు, లచ్చమ్మ ఏమీ అనలేదు, నావైపు చూడలేదు, తాడును మోచేతికి చుట్టుకుంటున్నది, నా చేతిలో ఉన్న కొస మెల్లగా లాక్కుంది, అదీ చుట్టింది, అది కోపమో, ఏడుపు లోపల పెట్టుకోవడమో, పోనీలే అనుకోవడమో, ఇక నీ ముఖం చూడననడమో, ఏదైనా కావచ్చు, ఏదీ కాకపోవచ్చు, సత్తమ్మ ఉంటే చెప్పేది, ఒక్క మాట అంటే బాగుండు, తిట్టయినా సరే ఒక్క మాట, అని ఆమె నోటి వైపు చూస్తూ కూర్చున్నాను, ఇన్నేళ్లూ ఊరంతా నా ముందు ఇట్లాగే కూర్చుంది.